పొడికి చోటు

"మళ్లీ చదువు. అందరికీ వినపడేట్టు" అన్నారు మేడమ్.

సిస్టర్ సిరంజిని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. "అయిదు పాయింట్ నాలుగండీ."

"సీసాలో నీళ్లు ఎంత పోశావు?"

"అయిదు."

"మరి ఈ పాయింట్ నాలుగు ఎక్కడిది? ఆకాశం నుంచి ఊడిపడిందా?"

పిల్లల వార్డు ఇంజక్షన్ గది అది. పదిమంది నర్సులు గోడకి అతుక్కుని నిలబడ్డారు. పై ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన మేడమ్‌ది తెల్లజుట్టు, సన్న కళ్లజోడు, కత్తిలాంటి నోరు. సిస్టర్ పద్దెనిమిదేళ్లుగా ఈ గదిలోనే మందులు కలుపుతోంది. ఆవిడ కలిపిందంటే డాక్టర్లు కూడా మళ్లీ చూడరు. అదే కొంప ముంచింది.

"పొడిదండీ" అంది సిస్టర్, నేలచూపులు చూస్తూ.

"హమ్మయ్య, ఇప్పటికి తెలిసింది! నిండు గ్లాసులో నాలుగు చెంచాల పంచదార వేస్తే పొర్లుతుందని వంటింట్లో ఉన్నంతసేపూ గుర్తుంటుంది. వార్డులోకి రాగానే మర్చిపోతారు. పొడికీ చోటు కావాలమ్మా! సీసా మీద ఏమని ఉంది?"

"నాలుగు పాయింట్ ఆరు పొయ్యమని. అప్పుడు మొత్తం అయిదవుతుందని."

"అయిదైతే ఒక్కో మిల్లీలీటరులో మందు వంద మిల్లీగ్రాములు. నువ్వు కలిపినదాంట్లో?"

"తొంభై రెండు చిల్లర."

పెద్దవాళ్లకైతే సీసా మొత్తం ఎక్కిస్తారు, తేడా పడదు. పిల్లలకి తీసేది ఒక మిల్లీలీటరో, ఒకటిన్నరో. వంద అందాల్సిన చోట ప్రతిసారీ తొంభై రెండే అందింది. ఆరో మంచం మీది బాబుకి వారమైనా జ్వరం వదలకపోతే, నిన్న సిస్టర్‌కే ఎందుకో అనుమానం వచ్చింది. కళ్లజోడు తుడుచుకుని సీసా మీది చిన్న అక్షరాలు చదివింది. చదివిన గంటలోనే తప్పు తనదని కాగితం రాసిచ్చింది.

పద్దెనిమిదేళ్లు. ఎంతమంది పిల్లలో! లెక్క వేయబోయి భయపడి ఆపేసింది. సిగ్గుతో తల కొట్టేసినట్టుంది ఆవిడకి.

"లెక్క తప్పకపోతే చెయ్యి తప్పదు. ముప్పయ్యేళ్లుగా ఇదే మొత్తుకుంటున్నాను, వింటేగా!" అంటూ మేడమ్ గోడ వైపు చూశారు. మాసిన గోడ మీద ఒక్కచోట నలుచదరంగా తెల్లగా ఉంది. "అక్కడేముండేది?"

"క్యాలెండరండీ. పాతదైందని పొద్దున్నే తీసేశాను."

నర్సులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మేడమ్ కుర్చీలో కూర్చున్నారు. గొంతు కాస్త తగ్గింది. "చూడమ్మా, ఇన్నేళ్లు ఒకేలా కలిపావంటే ఎవరో నేర్పే ఉంటారు. ఆ మహాతల్లి పేరు చెప్పు. తప్పు ఆవిడదని రాస్తాను, నీ గది నీకుంటుంది. లేదంటే ఇక మందు సీసా ముట్టుకోనివ్వను."

సిస్టర్ చేతిలోని సిరంజిని ట్రేలో పెట్టింది. ఈ పని తప్ప ఆవిడకి వేరే పని రాదు. వచ్చినా చేయబుద్ధి కాదు.

"ఎవరూ నేర్పలేదండీ. నా తెలివితక్కువతనమే."

"నీకిది నేర్పిన పంతులమ్మని ఇలా పదిమందిలో నిలబెట్టి కడిగితేగానీ బుద్ధి రాదు" అని గొణుక్కుంటూ మేడమ్ రాసేశారు. రేపటి నుంచి సిస్టర్‌కి దుప్పట్ల గది.

చెప్పాల్సినవాళ్లు ఇంకొకరు మిగిలారు. ఆరో మంచం దగ్గరికి వెళ్తే, బాబు తల్లి ఎప్పట్లాగే స్టూలు ముందుకి జరిపింది.

"కూర్చో సిస్టరమ్మా. పొద్దున్నుంచి ఒళ్లు చల్లబడింది. అంతా నీ చేతి చలవే!"

సిస్టర్ కూర్చోలేదు. "ఇన్నాళ్లూ మందు తక్కువ పడిందమ్మా. కలిపింది నేనే."

 ఆ తల్లి బిడ్డను దగ్గరికి లాక్కుంది. స్టూలు మళ్లీ గోడ దగ్గరికి తోసేసింది. మేడమ్ తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ స్టూలు ఒక్కటీ ఒక ఎత్తు.

వరండాలో చిన్న నర్సు పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. "అక్కా, గోడ మీది చార్టు చూసేగా నువ్వూ, మేమూ కలిపింది! క్యాలెండరంటావేంటి? అప్పటి మన పెద్ద సిస్టర్ రాసిందనేగా దాచావు? ఆవిడ పోయి మూడేళ్లయింది. పేరు చెబితే ఆవిడకి పోయేదేముంది?"

"పోయినవాళ్ల మీద చేయని తప్పు రుద్దుతామటే?"

"మరి రాసిందెవరు?"

"నాలుగో మంచం సెలైన్ అయిపోవచ్చింది. వెళ్లి చూడు, ఫో."

దుప్పట్ల గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. సంచిలోంచి చార్టు తీసి మడతలు విప్పింది. 'పొడి సీసాకి నీళ్లు: 5' అని ఎర్రటి అక్షరాలు. రోజుకి ఇరవైసార్లు సీసా చేత పట్టుకున్న మనిషి, చదవడం వచ్చిన మనిషి, దాని మీద ఏముందో ఒక్కసారీ చూడలేదు. గోడ మీద ఉందిగా అనుకుంది. ఆ సిగ్గు అచ్చంగా తనదే. దాన్ని ఇంకొకరితో పంచుకోవాలని ఆవిడకి అనిపించలేదు.

చార్టు కింది మూల చిరిగితే ఎప్పుడో తనే ప్లాస్టర్ పట్టీ అంటించింది. దాన్ని గోటితో మెల్లగా లాగింది.

పట్టీ కింద నుంచి 'లెక్క తప్పకపోతే చెయ్యి తప్పదు' అన్న మాట, పద్దెనిమిదేళ్ల కిందటి శిక్షణ తేదీ, ఆ పక్కనే మేడమ్ గారి సంతకం బయటపడ్డాయి.