ఖర్షూఫ్ కషాయం

"వీటివీ పోయాయి." ప్రొఫెసర్ సల్వా మైక్రోస్కోప్ మీంచి తలెత్తింది. "చిప్స్‌లో కలిపే రంగు ఒక్కటే తిన్న ఎలుకల కాలేయం ఎలా పాడైందో, రంగుతో పాటు నీ ఖర్షూఫ్ ఆకుల రసం తాగినవాటిదీ అలాగే పాడైంది. ఇక ఆపెయ్ దౌలత్. వేరే మొక్క చూద్దాం."

దౌలత్ తలూపింది. ఎలుకల బోనులు కడిగింది. దమన్‌హూర్ వెళ్లే మైక్రోబస్సులో నిలబడే ఇల్లు చేరింది.

తలుపు తీస్తూనే మొగుడు శహాతా ఎదురొచ్చాడు. "ఆస్పత్రికెళ్లొచ్చా. నా కాలేయం కుదుటపడిందట!"

శహాతా చిప్స్ ఫ్యాక్టరీలో మసాలా రుచి చూసేవాడు. పసుపు రంగు కలిపిన పొడి ఏదైనా ముందు అతని నాలుక మీద పడాల్సిందే. ఏళ్లు గడిచేసరికి కళ్లు పచ్చబడ్డాయి. ఆ పని మానెయ్యమని డాక్టరు చెప్పాడు. దౌలత్ బతిమాలింది. "నాలాంటి నాలుక ఈ ఊళ్లో ఇంకెవడికుంది?" అని కొట్టిపారేశాడు. దాంతో ఆమె కాలేయానికి మంచిదని ఖర్షూఫ్ ఆకుల కషాయం కాచి రోజూ తాగించడం మొదలుపెట్టింది.

తర్వాత కొన్నాళ్లకే ఫ్యాక్టరీవాళ్లు అతణ్ని గేటు కాపలాకు మార్చేశారు. కారణం చెప్పలేదు. ఆ అవమానాన్ని అతను రోజూ అన్నం దగ్గర తవ్విపోసుకునేవాడు. ఆమె రోజూ వినేది.

"డాక్టరు నోరెళ్లబెట్టాడనుకో! అంతా మా ఆవిడ కషాయం మహిమ అని చెప్పా."

"కషాయం కాదు శహాతా. అది తాగిన ఎలుకల కాలేయాలన్నీ పాడయ్యాయి. ఇవాళే చూశాం."

"ఎలుకలకేం తెలుసే దాని విలువ! రేపే మేనేజరు దగ్గరికెళ్తున్నా. నా చోటు నాకిమ్మంటా. పొద్దున్నే కషాయం పడిందంటే, రోజంతా ఎంత మసాలా నాకినా నాకేం కాదు."

"వెళ్లకు."

"ఎందుకెళ్లకూడదు? గేటు దగ్గర కుర్రవెధవలు నన్ను చూసి నవ్వుతున్నారు. నేను ముసలి కుక్కనా, అక్కడ పడుండడానికి?"

దౌలత్‌కి వాదించే ఓపిక లేదు. కూర్చుని చెప్పులు విప్పుకుంది. శహాతా తనే వంటింట్లోకెళ్లి, గ్లాసు నిండా కషాయం పోసుకుని గటగటా తాగేశాడు. మూతి తుడుచుకుని వచ్చి ఆమె నుదుటి మీద ముద్దు పెట్టాడు.

"నా ప్రాణం నిలబెట్టింది నువ్వేనే, డాక్టరమ్మా!"

పోయిన చలికాలంలో ఒక మధ్యాహ్నం ల్యాబు ఎగ్గొట్టి, ఆ మేనేజరు కాళ్లావేళ్లా పడి, కారణం చెప్పనని ఒట్టు వేయించుకుని మరీ, మొగుణ్ని గేటు దగ్గర కూర్చోబెట్టించింది దౌలతే.