కారవాన్‌లో ఇంటి ఫ్రిజ్

ఎలక్ట్రీషియన్ అంజి రెండో బ్యాటరీ వైరు బిగించగానే ఫ్రిజ్ ఒక్కసారి వణికి గుర్రుమంది. అల్ సువైక్ అనే అరబ్బు ఊరి ఖర్జూర తోటలో చక్రాలు దిగబడిన ఆ పాత కారవాన్‌లో కాపలా ఉండే పెద్దులు, పుండుపడ్డ కాలు బల్ల మీద చాపుకుని నవ్వాడు.

“ఇంట్ల వాడే ఫ్రిజ్ ఒక్క బ్యాటరీ మీద యాడ నడుస్తదన్నా? ఇగ రాత్రంతా ఆగదు,” అన్నాడు అంజి.

“నా షుగర్ సూదిమందు బతికింది తమ్మీ. దినాం సగం రాత్రికే ఆగిపోతుండె.”

“మరి ఇన్నొద్దులు మందెట్ల కాపాడినవే?”

“పైన ఐసు గట్టే అరల పెట్టిన. కరెంట్ పోయినా ఐసు జల్ది కరగదు గదా. మీ వదిన చెప్పిన ఉపాయమే.”

అంజి ఫ్రిజ్ పైనున్న ఫ్రీజర్ తలుపు తీశాడు. ఇంటి నుంచి వచ్చిన మూడు నెలల మందు సీసాల్లో రాయిలా గడ్డకట్టి ఉంది. డబ్బా మీది ఇంగ్లీషును రెండుసార్లు చదివాడు. గడ్డకడితే వాడకూడదని రాసి ఉంది.

“రోజూ ఇదే ఏసుకుంటున్నవా?”

“రెండు పూటలా. ఎండకు పెట్టి కరగదీస్త. అయినా పుండు మానుతలేదు. సల్లదనం సాల్తలేదేమో, జర ఫ్రిజ్ నంబర్ పెంచు.”

అంజి నంబర్ ముట్టకుండా ఒక సీసా తీసి పిడికిట్లో పట్టుకున్నాడు.

ఫోన్ మోగింది. పెద్దులు వీడియోలో భార్య శాంతవ్వకు ఫ్రిజ్ చూపించాడు. “అంజి కరెంట్ పెట్టిండే!”

“ఆయన పానం నిలబెట్టినవు బిడ్డా,” అందామె. “సల్లగుండు!”

అంజి తల ఊపాడు. అతని పిడికిట్లో సీసాలోని మందు మెల్లగా కరుగుతోంది.