ముక్కలు కలిశాక

పెడనలో మగ్గాల చప్పుడు ఆగి, వీధి సద్దుమణిగింది. లిఖిత కంప్యూటర్ ముందు కూర్చుంది. ఫొటోను ముక్కలుగా చెదరగొట్టి, మళ్ళీ అతికించే ప్రోగ్రామ్ రాస్తోంది. ఎన్నిసార్లు రాసినా ఎక్కడో తప్పు దొర్లుతోంది. అందులో పెట్టింది అమ్మమ్మ ఫొటో. తల్లి అనసూయ నెలల పిల్లగా ఉన్నప్పుడే ఆవిడ పోయింది. మిగిలిన ఆ ఒక్క ఫొటోలోనూ కళ్ళు మూసుకునే ఉంది.

లిఖిత మీట నొక్కింది. ముక్కలు చెదిరి, గిరగిరా తిరిగి, ఒక్కొక్కటే వచ్చి సరిగ్గా అతుక్కున్నాయి.

"అమ్మా, వచ్చేసింది!" అని గంతేసింది.

అనసూయ పరుగున వచ్చి నిలబడిపోయింది. తెర మీద అమ్మమ్మ కళ్ళు తెరిచి ఉంది.

"నువ్వేమైనా మార్చావటే?"

"లేదమ్మా. ముక్కలు కలిపానంతే."

లిఖిత కుర్చీని వెనక్కి జరుపుకుంది. అనసూయ మాత్రం ఏడుస్తూనే నవ్వింది.

"అచ్చం నా కళ్ళేనే! ఉండు, మీ నాన్నని పిలుస్తా."

ఆమె గుమ్మం వైపు నడిచింది. తెర మీది చూపు ఆమె వెంటే కదిలింది.