ఉయ్యాల గణపతి

“దీన్ని విప్పించండి దశరథగారూ. ఈ బోల్టుల కింద మనిషన్నవాడు కూర్చోకూడదు.”

చవితి ఇంకా రెండు రోజులుందనగా, మన్సూరాబాద్ కాలనీ మండపంలో పదిమంది ఎదుట పట్టాభి చేసిన శాసనమిది. పైన ఇనుప దూలం. దాని నుంచి వేలాడే నాలుగు గొలుసులు. గొలుసుల్ని దూలానికి పట్టి ఉంచిన నాలుగు బోల్టులు, అద్దాల్లా తళతళలాడుతూ. ఆ గొలుసుల చివరనున్న సింహాసనం మీద సాక్షాత్తూ లంబోదరుడు కొలువుతీరి ఊగనున్నాడు. బాలాపూర్‌కు లక్షల్లో వేలంపాట పలికే లడ్డూ ఉన్నప్పుడు తమ కాలనీకి ఉయ్యాలైనా ఉండి తీరాలన్నది ఉత్సవ కమిటీ అధ్యక్షుడూ, నాలుగు లారీల అధిపతీ అయిన దశరథ దిగ్విజయ సంకల్పం.

“గివి నా లారీ బోల్టులు సారూ,” అన్నాడు దశరథ. “ఏండ్లకేండ్లు సిమెంటు మోసినయి. గణపయ్యను మొయ్యయా?”

“మోసేవే. మీరు దిల్‌సుఖ్‌నగర్ పట్టుకెళ్ళి వాటికి మెరుగు పూత వేయించకపోతే.”

హైడ్రోజన్ వల్ల లోహాలకు కలిగే హాని మీద పట్టాభి తన యావజ్జీవితాన్నీ ధారపోశాడు. తత్ఫలితంగా లోకంలోని ప్రతి మెరుపు వెనకా ఆయనకొక పగులు కనిపిస్తుంది. పూతకు ముందు ఉక్కును ఆమ్లంలో ముంచుతారనీ, అప్పుడు సృష్టిలోకెల్లా తేలికైన ఆ వాయువు చడీచప్పుడూ లేకుండా దాని కడుపులో దూరుతుందనీ, మెత్తని ఇనుము దాన్ని ఎలాగో భరిస్తుంది గానీ మేలిజాతి గట్టి ఉక్కు గాజులా పెళుసుబారుతుందనీ ఆయన సావధానంగా బోధించాడు. పూత పూసిన వెంటనే పొయ్యిలో పెట్టి గంటల తరబడి కాలిస్తే తప్ప ఆ భూతం వదలదనీ చెప్పాడు.

“కాల్పించారా మరి?”

“గివేమన్న భక్ష్యాలా సారూ, కాల్చనీకి?”

మండపమంతా నవ్వింది. ఆ నవ్వు చల్లారకముందే దశరథ కాలనీలోని మహాకాయులను ఏరి, సింహాసనం పట్టినంత మందిని ఎక్కించాడు. వాళ్ళు ఊగారు, పాడారు, ఫోన్లలో ఫొటోలు దిగారు. బోల్టులు కిక్కురుమనలేదు.

“ఇవాళ తెగవు,” అన్నాడు పట్టాభి. “బరువు మోస్తూ మోస్తూ, ఎవరూ ముట్టుకోకుండానే, ఏ ఐదోనాడో తెగుతాయి.”

“అయితే ఐదోనాడు పూజకు మీరే కూసోండ్రి సారూ. మీరు, అమ్మ, మనుమరాలు.”

ఇంటికి వచ్చాక భార్య సూర్యప్రభ కూడా ఆయన పక్షాన నిలవలేదు. “నలుగురూ సంతోషంగా ఉన్నచోట ఆ అశుభపు మాటలేవిటండీ? పిలిచారుగా, వెళ్ళి కూర్చుందాం,” అంది.

శాస్త్రం ఓడిపోయిన చోట శాస్త్రజ్ఞుడు దొంగ కావలసి వచ్చింది. ఆ మధ్యాహ్నం కమిటీ యావత్తూ విగ్రహం కోసం ధూల్‌పేటకు జైత్రయాత్ర సాగించింది. ఈలోగా పట్టాభి ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, దిల్‌సుఖ్‌నగర్‌లో వెండి రంగు డబ్బా ఒకటి కొనుక్కువచ్చాడు. పరిశోధన కోసం ప్రత్యేకంగా చేయించి బీరువాలో దాచుకున్న బోల్టుల్లో కొలతకు సరిపోయే నాలుగింటిని ఎంచుకున్నాడు. అవి ఏ పూతా ఎరుగని నల్లని ఉక్కు, తానెరిగినవాటిలో అతి గట్టిది. మామూలు ఇనుప బోల్టులైనా సరిపోయేవి. కానీ విఘ్నేశ్వరుడికి మామూలు ఇనుము సమర్పించడానికి ఆయన విద్వత్తు ఒప్పుకోలేదు. సన్నని తుంపర పడుతుండగా నిచ్చెనెక్కి పాతవి విప్పాడు, కొత్తవి బిగించాడు, పైన వెండి రంగు పులిమాడు. జన్మలో చేసిన ఏకైక మోసం అది. దిగి వచ్చి, పాతవాటిని జేబురుమాల్లో మూటగట్టి బీరువాలో దాచాడు.

చవితినాడు దూరం నుంచే తలెత్తి చూశాడు. బంతిపూల దండల నడుమ బోల్టులు ధగధగలాడుతున్నాయి. తన చేతి పనితనం అంతటిదని ఆయనకు ఆనాటిదాకా తెలియదు.

ఆ తరువాతి రోజులు ముసురులోనే గడిచాయి. పాల పాకెట్‌కు వెళ్తే “తెగినయా సారూ?” అన్నారు, కూరల బండి దగ్గర “ఇంకెన్నడు తెగుతయి?” అన్నారు. ఆయన తల వంచుకుని నడిచాడు. కాపాడినవాడు కాపాడానని చెప్పుకునే వీలు లేదు. పగలని లోహానికి చరిత్ర ఉండదన్న సత్యం, ఏ పరిశోధనాపత్రంలోనూ రాయనిది, ఆ నాలుగు రోజుల్లో ఆయనకు బోధపడింది.

ఐదోనాడు పట్టాభి పట్టుపంచె కట్టుకుని, సూర్యప్రభను పక్కన, మనుమరాలు మృదులను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పీటల మీద కొలువుదీరాడు. సరిగ్గా నెత్తిన, ఉయ్యాలలో, ఏనుగంత గణపతి. పంతులుగారు కళ్ళు మూసుకోమంటే అందరికంటే ముందు ఆయనే మూసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఒక బరువు కింద ఆయన అంత నిశ్చింతగా కూర్చోవడం అదే మొదలు.

ఆ నిబ్బరం చూసి దశరథ మనసు కరిగినట్టుంది. పక్కకు వచ్చి, వంగి, చెవిలో అన్నాడు.

“నేను నవ్విన గానీ, మీరు అనుమానపడ్డది మంచిదైంది సారూ. విగ్రహం తెచ్చిన దినం పొద్దుగూకినంక బోల్టులు ముట్టి చూస్తే చేతికి వెండి రంగంటింది. పూతేసెటోడు ఉత్త రంగేసి మోసం జేసిండని పోయి వాని గల్లా పట్టిన. గా రంగు పొయ్యేదాంక రాత్రంత యాసిడ్ల నానబెట్టిచ్చి, డబల్ పూత ఏపిచ్చిన. జర తలెత్తి చూడుర్రి, ఎట్ల మెరుస్తున్నయో.”