దిబ్బ చెప్పిన సాక్ష్యం

"మీరు రాసింది తప్పు, సార్," అనేశాడు దశరథం. పురావస్తు విద్యలో తనకు ఓనమాలు దిద్దించిన మనిషితో అనాల్సిన మాటేనా అది!

వామనరావు గారు కోప్పడలేదు. కంటిశుక్లాలతో చూపు మసకబారిన ఆ పెద్దాయన, లక్సెట్టిపేట దగ్గర గోదావరి ఒడ్డున ఉన్న దిబ్బలో శిష్యుడు తవ్వించిన కందకం అంచున చేతికర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నారు.

"ఎట్ల తప్పు?"

"ఈ జిల్లాలల్ల ముందు రాతి గొడ్డళ్లవాళ్లు, తర్వాత ఇనుమువాళ్లు బతికిన్రని రాసిన్రు. అందరం గా వరసనే పట్టుకొని కాలాలు లెక్కగట్టినం. పాతది అడుగున, కొత్తది పైన ఉండాలె గద సార్? గీ దిబ్బల చూడుండ్రి. అడుగున ఇనుప ముక్కలు, పైన రాతి గొడ్డలి ముక్కలు!"

పెద్దాయన దశరథం పొరలవారీగా అందించిన కుండపెంకులను ఒక్కొక్కటే తడిమి చూశారు. పైపొరవి చేత్తో చేసిన మొరటు కుండలవి. అడుగుపొరవి సారె మీద తిప్పిన నున్నటివి. అనుమానమే లేదు.

"ఎలుక బొరియలు, గుంతలు ఏమన్న ఉన్నయా? అవి గూడ పొరలను కలిపేస్తయి."

"లేవు సార్. పది రోజులు జాగ్రత్తగ చూసిన."

"అయితే నీదే నిజం. నా పుస్తకం తప్పని నేనే రాసిస్త. రేపే హైదరాబాదుల పురావస్తు శాఖకు పంపు."

మాట స్థిరంగానే ఉంది గానీ, చేతిలోని పెంకును మాత్రం కింద పెట్టలేకపోయారు. ముప్పయ్యేళ్ల కష్టం మరి. గురువును మించిన శిష్యుడని లోకం మెచ్చుకుంటే మెచ్చుకోవచ్చు. దశరథానికి మాత్రం ఎక్కడైనా ముఖం దాచుకుందామా అనిపించింది.

అప్పుడే మట్టితట్ట దించిన ముసలి కూలీ శంకరవ్వ, పెద్దాయన గొంతు విని ఆగింది. దగ్గరికొచ్చి ఆయన ముఖంలోకి తొంగిచూసింది.

"నువ్వా సారూ! నన్ను గుర్తువట్టలేదా? నిజాం కాలంల గా పక్క చెల్క భూమిల నువ్వు తవ్విపిచ్చిన మట్టి మోసింది నేనే గద! పైమట్టి ముందుగాల తెచ్చి పోస్తిమి, అడుగుమట్టి ఆఖరికి పోస్తిమి... గట్ల మేం పోసిన కుప్పనే గీ దిబ్బ, గీ సారు మల్లెందుకు తవ్వవట్టె?"