మోరీలో పోయే వేడి

“జర ఇప్పు బావా. దారమంత ధార చాలు. సోమవారం పొద్దుగాల వరకు సల్లగయితది.”

టీ బండి దగ్గర లింగమూర్తి ఈ మాట అనడం ఇది మూడోసారి. రాజమౌళి, ఎవరో చేతులు కడుక్కుని సరిగ్గా కట్టకుండా పోయిన నల్లాను బిగించి, టీ గ్లాసు అందుకున్నాడు.

బావాబామ్మర్దులిద్దరూ జగిత్యాల వైపు వాళ్ళు. బతుకుదెరువుకు వలసొచ్చి, పాండేసరలో ఒకే రంగుల మిల్లులో ఇరవై రెండేళ్ళుగా బాయిలర్‌లో బొగ్గేస్తున్నారు. బట్టకు రంగేసిన వేడినీళ్ళు ఇన్నాళ్ళూ పొగలు కక్కుతూ మోరీలో పోయేవి. త్రివిక్రమరావు అనే మన తెలుగు ఇంజనీరే ఒకాయన దగ్గర్లోని హజీరా నుంచి వచ్చి, ఆ వేడిని పట్టి దాచే ట్యాంకు పెట్టాడు. అందులో కాగే మంచినీళ్ళు బాయిలర్‌కు పోతే బొగ్గు సగం చాలట. బొగ్గు సగమైతే మనుషులూ సగమే కదా! నలుగురిలో వయసు మళ్ళిన ఇద్దరూ ఇంటికే. ఆ ఇద్దరూ వీళ్ళే.

ఒక్కటే ఆశ. ఆదివారం సెలవంతా నిలవున్నాక కూడా ట్యాంకు డెబ్బై డిగ్రీలు చూపిస్తేనే కొంటానని మిల్లు నడిపే గుజరాతీ సేఠ్ షరతు పెట్టాడు. లేకపోతే ఇంజనీరు దాన్ని విప్పుకుని పోవాల్సిందే. అడుగున వాల్వ్ కాస్త వదులు చేస్తే వేడినీళ్ళు పోతాయి, పైనుంచి చన్నీళ్ళు వాటంతటవే చేరతాయి. అంతే.

“ఇరవై రెండేండ్లల్ల నా చేతుల ఒక్క బొట్టు ఖరాబు కాలేదురా,” అన్నాడు రాజమౌళి చివరికి.

“బొట్టు జూసుకుంటే కడుపు నిండుతదా? ఈ వయసుల మనల ఎవడు పెట్టుకుంటడు? మా నవతక్క మొకమన్న జూడు.”

పెళ్ళాం పేరెత్తేసరికి రాజమౌళి మెత్తబడ్డాడు.

శనివారం సాయంత్రం షిఫ్టు దిగేముందు వాల్వ్ విప్పాడు. నీళ్ళు సన్నగా కారుతుంటే లింగమూర్తి కళ్ళారా చూసి దండం పెట్టుకున్నాడు. గేటు దాకా వచ్చాక, టిఫిన్ డబ్బా మరిచానంటూ రాజమౌళి వెనక్కి వెళ్ళి తెచ్చుకున్నాడు. ఎన్నాళ్ళకో ఇద్దరూ నవ్వుకుంటూ గదికి నడిచారు.

సోమవారం పొద్దున ముల్లు డెబ్బై ఎనిమిది మీద ఉంది.

ఇంజనీరు గంతేసినంత పని చేశాడు. సేఠ్ అందరికీ పేడాలు పంచాడు. వీళ్ళిద్దరికీ చెరొకటి ఇచ్చి, రేపటి నుంచి రావద్దన్నాడు.

లింగమూర్తి ట్యాంకు కిందికి దూరి చూశాడు. వాల్వ్ గట్టిగా బిగించి ఉంది. వాచ్‌మన్‌ను పట్టుకుని నిలదీస్తే, మీరిద్దరూ పోయాక అటు ఈగ కూడా వాలలేదని ఒట్టేశాడు.

గేటు బయట లింగమూర్తికి ఏడుపు ఆగలేదు.

“ఎవడో మన పొట్ట గొట్టిండు బావా! వాని చెయ్యి ఇరిగిపోను!”

డబ్బా తీసుకుని వస్తూ, కారుతున్న నీళ్ళు కంటబడగానే అలవాటు కొద్దీ వాల్వ్ బిగించేసిన తన కుడిచేతిని రాజమౌళి మెల్లగా జేబులో దాచుకున్నాడు.