గోడకి అటువైపు

ఎవరో కొత్త మనిషి మోటారు సైకిల్ మీద మా వీధి చివరిదాకా వెళ్ళి, గోడ ముందు ఆగి, తలెత్తి చూసి వెనక్కి తిరిగాడు. అంతకుముందు పక్క వీధిలోనూ అదే పని చేశాడట. కాలనీ సెక్రటరీ అయిన మా మేనల్లుడు అడ్డంపడి బండి తాళం లాక్కున్నాడు.

పాత ఊళ్ళో ఏ సందులో దూరినా బజారులో తేలేవాళ్ళం. ఊరు పెరిగి పొలాల మీద పడ్డాక ప్రతి వీధీ గోడకు తల బాదుకునేదే. దొంగల భయం మరి!

"ఎవరింటికి?"

"ఎవరింటికీ కాదండీ. దారి చూసుకుంటున్నాను."

"పగలు చూసుకుని రాత్రి వద్దామనా?" అని, మావాడు నా చెవిలో ఊదాడు. "ఆ కాళ్ళు చూడు మామయ్యా, గోడలు దూకే కాళ్ళు."

నాకూ అలాగే కనిపించాయి. అనుమానానికి కళ్ళజోడు అక్కర్లేదు కదా.

"నేను అంబులెన్సు నడుపుతానండీ. ఫోన్లో ఈ వీధి అవతలి రోడ్డులో కలిసినట్టే చూపిస్తుంది. ఆమధ్య అది నమ్మి ఈ గోడకి అటువైపు ఇరుక్కున్నాను. ఇటునుంచి ఎవరో పెద్దావిడ, 'సైరన్ వినిపిస్తూనే ఉందిరా, బండి ఇంకా రాదేం?' అని అరుస్తోంది. చుట్టు తిరిగి వచ్చేలోపే, ఇక అక్కర్లేదని ఫోనొచ్చింది. మళ్ళీ అలా కాకూడదని, ఏ వీధి ఎక్కడ తెగిందో చూసుకుంటున్నాను."

మా మేనల్లుడు నావైపు చూడలేదు. ఆ అరిచింది మా అక్క. పోయింది మా బావ, వీడి నాన్న.

తాళం అతని చేతిలో పెట్టాడు.

"పద బాబూ, మిగతా గోడలు కూడా చూపిస్తాను. అన్నీ నేను దగ్గరుండి కట్టించినవే."